వేలూరు నుంచి రాని ఫోన్లు

మొన్న మా పాత యూనిట్లో కొత్తగా చేరిన టెక్నీషియన్లు ముగ్గురు టీ తాగుతూ నన్ను అడిగారు: "సార్, ఇన్నేళ్ళ సర్వీసులో మీరు చేసిన పెద్ద తప్పేంది?" సూది తప్పిన కథో, మిషను మొరాయించిన కథో చెబుతానని కాచుకున్నారు పాపం. సూది సంగతిలో నాకు పొగరుంది, దాచుకోను. కంటికి కనపడని నరాన్ని కూడా వేలితో తడిమి పట్టేవాణ్ణి. నా తప్పు చేత్తో చేసింది కాదు, నోటితో చేసింది. ఆ పిల్లలకు సగమే చెప్పగలిగాను, అంతలో వాళ్ళ డ్యూటీ టైమయింది. మిగతా సగం కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు చదివితే నేను పడ్డ గుంతలో పడరని ఆశ.

నేను చిత్తూరులో ఒక ఆసుపత్రి డయాలసిస్ యూనిట్లో పనిచేసి రిటైరయ్యాను. మూత్రపిండాలు చెయ్యాల్సిన పని మా మిషను చేస్తుంది. వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటలు, చేతికి రెండు సూదులతో పడుకోవాలి. ఆ చెయ్యి కదపకూడదు. ఒక విడత తప్పితే ఒళ్ళు బరువెక్కుతుంది. రెండు తప్పితే ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరతాయి. ఇది తెలిసి కూడా మానేస్తారు. ఎందుకంటే విసుగు. పైకప్పు చూస్తూ నాలుగు గంటలు పడుకుని చూడండి, మీకే తెలుస్తుంది.

సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున విడతలో నలుగురు వచ్చేవాళ్ళు. పక్కపక్క మంచాలు. ఒకాయన రిటైరైన ప్రైమరీ స్కూలు అయ్యవారు. ఇంకొకాయన పాకాల దగ్గర పల్లెకు చెందిన లారీ డ్రైవరు. మూడో మంచం పూతలపట్టులో బట్టలు కుట్టే టైలరమ్మది. నాలుగోది పలమనేరు అబ్బాయిది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుండగా కిడ్నీలు పాడై ఇల్లు చేరాడు. మొదటి రెండు నెలలు ఆ పిల్లాడు ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు.

అయ్యవారి సంచిలో ఎప్పుడూ అట్ట ఊడిన జానపద నవల ఒకటుండేది. ఒక మాంత్రికుడు రాజ్యంలోని నీళ్ళన్నీ రాగి చెంబులోకి లాగేసి ఎక్కడో గుహలో దాచిపెడతాడు, కొందరు దాన్ని వెతుక్కుంటూ పోతారు. నీళ్ళు కొలుచుకుని తాగాల్సిన మనిషికి అంతకంటే మంచి కథ దొరకదు. ఒకరోజు ఆయన చదివి వినిపిస్తుంటే పలమనేరు అబ్బాయి తల తిప్పి, "అయ్యోరా, దీన్ని ఆడదామా?" అన్నాడు.

ఆడటమంటే మాకెవరికీ అర్థం కాలేదు. బెంగళూరులో శనివారాలు స్నేహితులంతా బల్ల చుట్టూ కూర్చుని ఇంగ్లీషు మాయాలోకాల నవలల మీద ఇలాంటి ఆటలు ఆడేవాళ్ళట. బోర్డు అక్కర్లేదు, పేకముక్కలు అక్కర్లేదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరూ కథలో ఒక మనిషి. "ఇదిగో గుహ. లోపల ఏదో బుస కొడుతోంది. ఏం చేస్తారు?" అని కథ నడిపేవాడు అడుగుతాడు. మీరు చేస్తానన్నది కుదిరిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. అబ్బాయి దగ్గరున్న పాచికలకు ఇరవై ముఖాలు. మొదటిరోజే రెండు మిషన్ల కిందికి దొర్లిపోయాయి. మా సిస్టర్ చూసి ఇది జూదమా అని కళ్ళెర్రజేసింది. అప్పుడు టైలరమ్మ ఇంటి నుంచి ఒక పక్క అరగదీసిన చింతగింజలు నాలుగు తెచ్చింది. స్టీలు ప్లేటులో ఒంటిచేత్తో వెయ్యడం, ఎన్ని తెల్లగా పడ్డాయో చూడడం, అంతే.

డ్రైవరు కత్తివీరుడయ్యాడు. అయ్యవారు పండితుడయ్యాడు. వేరే ఏమవుతాడు లెండి! టైలరమ్మను యువరాణిగా ఉండమంటే ఆమె ఒప్పుకోలేదు.

"నేను దొంగనయితా," అంది. "ఊరంతా నన్ను సూసి అయ్యో పాపం అంటా ఉండారు. ఆటలో అయినా నన్ను సూసి ఒకరు భయపడనీ."

అయ్యవారితో ఒకటే తంటా. కథ ఏ మలుపు తిరిగినా, "పుస్తకంలో అట్లా లేదే!" అనేవాడు. మూడో వారంలో వాళ్ళకు ఎండని ఏరు ఒకటి తగిలింది. ఏం చేస్తారని అబ్బాయి అడిగాడు.

"దిగతా. దిగి తాగతా. కడుపునిండా తాగతానే ఉంటా, ఎవురూ నన్ను ఆపొద్దండి," అన్నాడు డ్రైవరు.

"ఆ ఏట్లో మొసలుంటుందయ్యా, పుస్తకంలో ఉంది," అన్నాడు అయ్యవారు.

"ఉండనీ అయ్యోరా. తాగినాంక తింటే తిననీ!"

ఆరోజు ముగ్గురూ అరగంట సేపు తాగారు, నోటి మాటలతోనే. టైలరమ్మ కొంగు తడుపుకుని మొహం మీద పిండుకుంటున్నానని చెబుతుంటే మందుల ట్రే పట్టుకుని నేను కదల్లేకపోయాను. ఆట మొదలయ్యాక నలుగురిలో ఒక్కరు కూడా ఒక్క విడత మానలేదు. బస్సులు లేని రోజు డ్రైవరు పాల వ్యానెక్కి వచ్చాడు. పై డాక్టరు అడిగితే అంతా నా కౌన్సెలింగ్ మహిమేనని చెప్పుకున్నాను కూడా. సిగ్గులేదు నాకు.

ఇక అసలు సంగతి. మా యూనిట్లో ఒక అలవాటుండేది. పేషెంటు చనిపోతే మిగతావాళ్ళకు చెప్పం. "వేలూరుకు మార్చుకున్నారు" అంటాం, పక్కనే తమిళనాడులో ఉన్న పెద్దాసుపత్రికని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. నా సీనియర్ నాకు నేర్పాడు, నేను నా జూనియర్లకు నేర్పాను. మేం పంపించినవాళ్ళంతా నిజంగా వేలూరు పోయుంటే ఆ ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరికేది కాదు. అది అబద్ధమని మాకెప్పుడూ అనిపించలేదు. మర్యాద అనుకున్నాం.

మామిడికాయల సీజన్. గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆ శుక్రవారం డ్రైవరు తూకం చూస్తే ఉండాల్సిన దానికంటే నాలుగున్నర కిలోలు ఎక్కువ. అంతా నీళ్ళే. నాకు ఒళ్ళు మండింది. "తాగొద్దంటే చెవికెక్కదా నీకు? ఇట్లే తాగు, ఈ వారంలోనే చస్తావు!" అని అందరి ముందూ అరిచాను.

అతను నవ్వాడు. "సస్తే సస్తాలేప్పా. బయట ఎండ యెట్ల కాస్తా ఉండాదో సూడు."

ఆదివారం పొద్దున అతని కొడుకు ఫోన్ చేశాడు. ఊపిరాడక దారిలోనే పోయాడు.

సోమవారం మూడో కంటికి తెలియకుండా ఆ మంచం మీద దుప్పటి మార్చేశాను. ముగ్గురూ వచ్చారు. అడిగారు. "వేలూరుకు మార్చుకున్నాడు, బంధువులున్నారంట ఆడ," అన్నాను. నోరు దానంతటదే పలికింది. మామూలుగా అయితే అక్కడితో అయిపోయేది. కానీ పలమనేరు అబ్బాయి నోటుబుక్కు తీసి, "మరి ఆయన కత్తివీరుణ్ణి ఏం చెయ్యాలి సార్? గుహ వాకిట్లో కత్తి దూసి నిలబెట్టి పోయినాడే," అన్నాడు.

"ఫోన్ చేసి అడుగుతాలే," అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో దేవుడికే తెలియాలి. బుధవారం రాగానే ముగ్గురూ నా మొహం చూశారు. చెప్పక తప్పలేదు. "ముందు తనే పోతాడంట, మిమ్మల్ని వెనకాల రమ్మన్నాడు." గింజలు నేనే వేశాను. నాలుగూ తెల్లగా పడ్డాయి. గుహలో పాము చచ్చింది. అయ్యవారు చప్పట్లు కొట్టబోయి సూదులు గుర్తొచ్చి ఆగాడు.

ఆ తర్వాత నేను దాని రుచి మరిగాను. నిజం చెబుతున్నాను, ఇంటి దగ్గర కూర్చుని డ్రైవరు ఈసారి ఏమంటాడా అని ఆలోచించేవాణ్ణి. అతని యాస పలికేవాణ్ణి, అతని బూతులు తిట్టేవాణ్ణి. "ఆ మాంత్రికుడి గడ్డానికి నా లారీ కట్టి ఈడస్తానన్నాడు" అంటే అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. అబ్బాయి అతని కోసమని సొరంగంలో ప్రత్యేకంగా రెండు దారులు రాసుకొచ్చాడు. నేను ఎడమ దారి పట్టించాను. అతను నడిచినంతసేపూ శుక్రవారం నేనన్న మాట నిజం కాలేదన్నట్టు ఉండేది నాకు. రెండు వారాలు అలా నడిచింది.

ఒక బుధవారం టైలరమ్మ చాలా నిదానంగా ఉంది. సూది గుచ్చుతుంటే అడిగింది: "డ్రైవరన్న ఫోన్ చేసినాడా అన్నా?"

"ఈ పొద్దున్నే చేసినాడమ్మా. కుశాలగా ఉండాడంట."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆరోజు ఆమె వంతు వచ్చినప్పుడల్లా "నా దొంగ గమ్మునుండాది" అంది, అంతే.

శుక్రవారం రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. సోమవారం కూడా మంచం ఖాళీ. బుధవారం మధ్యాహ్నం నుంచి ఐదు రోజులు మిషను ముట్టని ఒళ్ళు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అబ్బాయి నన్నే చూస్తూ, "ఆయమ్మ కూడా వేలూరుకు పోయిందా సార్?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. వాళ్ళ మిషన్లు జూనియర్‌కు అప్పజెప్పి, చేతి గ్లవ్స్ తీసిపారేసి తిరుపతి బస్సెక్కాను.

పూతలపట్టు కూడలిలో దిగిన వెంటనే అర్థమైంది. కరెంటు స్తంభానికి పెద్దకర్మకని లారీ వాళ్ళు కట్టించిన పెద్ద ఫ్లెక్సీ. డ్రైవరు నవ్వుతున్న ఫోటో, పైన కన్నీటి శ్రద్ధాంజలి, కింద చనిపోయిన తేదీ. ఆమె ఎక్కే బస్సు దాని ముందే ఆగుతుంది.

ఇంటి వాకిట్లో కుట్టుమిషనుకు ఆనుకుని కూర్చుని ఉంది టైలరమ్మ. మొహం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి, మాట మాటకూ ఎగశ్వాస. వెనక గడపలో ఆమె అత్త.

"ఏంటికి వచ్చినావన్నా?" అంది.

"రెండు దినాలు రాలేదు నువ్వు. లెయ్, పోదాం."

"నేను రాకుంటే ఏమి? నా తరఫున నువ్వు ఆడతావు కదా. పొద్దున్నే ఫోన్ చేసింది, కుశాలగా ఉండాది అంటావు. వాళ్ళు నవ్వతారు. సస్తే సచ్చినట్టు కూడా ఉండదు నాకు."

"మీరు భయపడతారని సెప్పలేదమ్మా..."

"నువ్వు సెప్పకుంటే మాకు భయం ల్యాదా? అన్నా, ఒక మనిషి పోతే పోయినాడని సెప్పే దిక్కు లేదు ఆడ. రొంతసేపు ఏడ్సే దిక్కు లేదు. అట్లాంటి సోటికి నేను యాల రావాల? ఇంట్లో పోతే మా అత్తన్నా ఏడస్తాది."

పేషెంట్ల మీద అరవడం వచ్చు నాకు, బతిమాలడం రాదు. ఆమె ముందు నేలమీద చతికిలబడి, ఎవరికీ చెప్పని మాట చెప్పాను. శుక్రవారం నేను చస్తావన్నాను, ఆదివారం అతను చచ్చాడు, ఆ మాట మళ్ళీ నా నోటితో పలకడానికి నాకు చేత కాలేదు, అందుకే వేలూరు పంపించాను, అందుకే ఫోన్లు చేయించాను అన్నాను. ఏడ్చాను కూడా. యాభై ఏడేళ్ళ మనిషిని, వీధిలో జనం చూస్తుండగా.

ఆమె కుట్టుమిషను పట్టుకుని కొంచెం నిటారుగా జరిగింది. "వాళ్ళిద్దరికీ సెప్పు," అంది. "నేను పక్కనుండగా సెప్పు. సెప్తానంటే వస్తా."

"సెప్తా."

"వేలూరు అనే మాట నీ నోట రాకూడదు."

"రాదు."

గడపలోంచి వాళ్ళత్త అందుకుంది: "మీ పంచాయితీ తర్వాత పెట్టుకుందురు గానీ, ముందు బిడ్డను ఆటో ఎక్కించప్పా, నీకు పుణ్యముంటాది!"

ఆ సాయంత్రం ఆమె ఒంట్లోంచి తీసిన నీళ్ళు చూసి డాక్టరు నన్ను కేకలేశాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు. పడ్డాను. ఆమె మిషను నేనే చూసుకున్నాను, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

బుధవారం ముగ్గురికీ సూదులు పెట్టాక మంచాల మధ్య నిలబడ్డాను. పొద్దున్నుంచి ఎలా మొదలుపెట్టాలా అని కట్టుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. "డ్రైవరు చచ్చిపోయినాడు," అన్నాను. "ఆ ఆదివారమే. నేను అబద్ధం చెప్పినాను. ఫోన్లు రాలేదు. ఆడింది నేను."

అయ్యవారు కళ్ళు మూసుకున్నాడు. అబ్బాయి మొహం ఎర్రగా అయింది. "సొరంగంలో రెండు దారులు ఆయన కోసం రాసినాను సార్! ఆయన యాడికి పోతాడా అని నిద్రపోకుండా రాసినాను. మీరా ఆడింది?" అని నోటుబుక్కు విసిరికొట్టాడు. అది నా ఛాతీకి తగిలి కింద పడింది. తీసి అతని చేతికిచ్చాను. మళ్ళీ విసిరాడు. మళ్ళీ తీసిచ్చాను. మూడోసారి గుండెకు హత్తుకుని ఏడ్చాడు. టైలరమ్మ తన ఖాళీ చెయ్యి చాచింది కానీ అతని మంచం అందలేదు. నేను ఆమె మంచాన్ని మిషనుతో సహా మూరెడు జరిపాను. రూల్సు ప్రకారం అలా జరపకూడదు.

అయ్యవారు ఒంటిచేత్తో సంచిలోని నవల తీశాడు. "పుస్తకంలో కత్తివీరుడు చావడు. ఆఖరి పుట దాకా ఉంటాడు," అన్నాడు. ఆయన అలవాటు తెలిసి మాకు చిరాకేసింది. కానీ ఆయన ఇంకా అయిపోలేదు. "ఆ పుస్తకం మార్చెయ్ నాయనా. మనవాడు చచ్చిపోయినాడు. మనం ఊరికి పోయి వాళ్ళావిడకు చెప్పాలి కదా, చెప్పే సీను పెట్టు."

ఆరోజు మాంత్రికుడి జోలికి ఎవరూ పోలేదు. పండితుడూ దొంగా కలిసి కథలో వారం రోజుల దారి వెనక్కి నడిచి, కత్తివీరుడి ఇంటి తలుపు తట్టారు. ఆ ఇంటావిడ మాటలు అబ్బాయి పలికాడు. నాలుగు గంటలూ దానికే సరిపోయాయి.

ఆ తర్వాత నేను వేలూరు మాట వాడలేదు. ఎవరైనా పోతే, తరువాతి విడతలో మంచాల మధ్య నిలబడి చెప్పేవాణ్ణి. పై డాక్టరు పిలిచి, "మీరు వాళ్ళ ధైర్యం చంపేస్తున్నారు. ఇది ఆపకపోతే మెమో ఇస్తాను," అన్నాడు. ఇవ్వమన్నాను. ఇచ్చాడు. సంతకం పెట్టి తీసుకుని పోయి మళ్ళీ చెప్పాను. రెండో మెమో తర్వాత ఆయనకే విసుగొచ్చింది. మొండితనం అంటే అనండి. నాకు ఈ ఉద్యోగంలో సూదుల తర్వాత గర్వంగా చెప్పుకునేది ఆ రెండు మెమోలే. అయ్యవారు పోయినప్పుడు నేను మంచాల మధ్య నిలబడగానే టైలరమ్మ, "తెలిసిందన్నా, అయినా నువ్వు సెప్పు," అంది. చెప్పాను.

నా రిటైర్మెంటు రోజు శాలువా కప్పుతుంటే ఆమె మంచం మీదినుంచే పిలిచింది. "నా దినం వచ్చినప్పుడు నువ్వే వచ్చి సెప్పాలన్నా. ఈ కొత్తోళ్ళను నమ్మేదానికి ల్యా. నేను పోతానే నన్ను బిన్నా వేలూరు బస్సెక్కించేస్తారు." నవ్వుతూనే అంది. నవ్వుతూనే ఒప్పుకున్నాను.

రెండేళ్ళ తర్వాత ఒక మంగళవారం వాళ్ళత్త ఫోన్ చేసింది. మరుసటిరోజు పొద్దున్నే యూనిట్‌కు పోయాను. జూనియర్ గుమ్మంలోనే ఆపి, "సార్, మేం మెల్లగా చెప్తాంలే," అన్నాడు. పక్కకు జరగమన్నాను. లోపల పలమనేరు అబ్బాయి ఉన్నాడు, కొత్తగా ఆటలో చేరిన ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. నన్ను చూడగానే అబ్బాయి నోటుబుక్కు మూసేశాడు.

మంచాల మధ్య నిలబడ్డాను. "టైలరమ్మ చచ్చిపోయింది," అన్నాను. "నిన్న తెల్లారుజామున, ఇంట్లో."

కొత్తవాళ్ళలో ఒకాయన అడిగాడు: "నొప్పి పడలేదు కదా సార్?"

పడలేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఎంత సులువైన మాట! మూసుకుని, మళ్ళీ తెరిచాను.

"నాకు తెలీదప్పా. అప్పుడు నేను ఆడ లేను," అని చెప్పి, స్టూలు లాక్కుని వాళ్ళ మధ్య కూర్చున్నాను.